బిల్లు మీద పక్క షాపు నంబరు

నిన్న మెట్రోలో ఎవరిదో సెల్‌ఫోను పాతకాలపు నల్ల టెలిఫోనులా గణగణ మోగింది. రిసీవరు ఎత్తబోయినట్టు నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ఎదురు సీట్లో కుర్రాళ్ళు నవ్వారు. నవ్వుకోనీ. ఆ మోత తన దుకాణంలో వినాలని ఏళ్ళ తరబడి కాచుకున్న మనిషి దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి నేను.

ఆమె పేరు మునిలక్ష్మమ్మ. నగర్తపేటలో గుండీలు, లేసులు, జిప్పుల టోకు దుకాణం నడిపేది. బడి సగంలో మానేసి మదనపల్లె వైపు నుంచి వచ్చిన నేను ఆమె దగ్గర గుమాస్తాగా చేరాను. కన్నడం బోర్డులు చూసి నేర్చుకున్నాను, ఇంగ్లీషు సరుకు పెట్టెలు చూసి నేర్చుకున్నాను. మిగతా చదువంతా ఆమె తిట్లలోనే దొరికింది.

అప్పట్లో టెలిఫోనుకు దరఖాస్తు పెట్టి ఏళ్ళు ఎదురుచూడాలి. అందుకని పేటలో చాలా దుకాణాలు తమ బిల్లుల మీద పక్క షాపు నంబరు వేసుకుని, దాని పక్కన ‘పి.పి.’ అని అచ్చు వేయించుకునేవి. ఫోను వాళ్ళది, పిలుపు మనకు అని దానర్థం. మా బిల్లుల మీద పక్కనున్న బట్టల వ్యాపారి నంబరు ఉండేది. ఆయన కేకేస్తే నేను పరుగెత్తేవాణ్ణి. ఒక ఏడాది సరిగ్గా పండగ ముందు ఆ కేకలు ఆగిపోయాయి. వానలు లేవు, దర్జీల చేతుల్లో డబ్బు ఆడడం లేదు కాబోలు అనుకున్నాం. అంతలో హిందూపురం నుంచి మా పాత ఖాతా దర్జీ ఒకాయన స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

“ఏమ్మా, షాపు మూసేసినారంటనే! తెరిచే ఉండాదే?”

“ఎవరప్పా చెప్పింది?” అంది మునిలక్ష్మమ్మ.

“ఫోను చేస్తే చెప్పినారు. గుండీలు మేమే పెట్టినాం, ఏం కావల్లో మాకే చెప్పండి అన్నారు.”

నేను పక్క షాపు మీదికి దూకబోయాను. ఆమె నా చొక్కా పట్టి లాగింది. “కూసోరా. ఆయప్ప ఫోను, ఆయప్ప నోరు. మన బిల్లు మీద ఆయప్ప నంబరు అచ్చేయించింది ఎవరు? నేను గదా!” కలం తీసుకుని బిల్లు పుస్తకాలన్నిటిలో ఆ నంబరు కొట్టేస్తూ కూర్చుంది. సొంత ఫోను వచ్చేదాకా, దుకాణం తెరిచే ఉందని దర్జీలందరికీ పోస్టుకార్డులు రాయించింది. కనెక్షను మంజూరైనప్పుడు, టెలిఫోను ఆఫీసు చుట్టూ తిరగడం ఆమె వల్ల కాదని, నా పేరున పెట్టించుకొస్తానన్నాను. “నువ్వు మంచోడివేలేప్పా. మంచోళ్ళూ పని మానేస్తారు, అలుగుతారు, చస్తారు. నంబరు దుకాణానిది. దుకాణం నాది” అంది. నేను కొన్నాళ్ళు నిజంగానే అలిగాను.

ఆమె పోయాక ఇప్పుడు దుకాణం మనవరాలు పల్లవి చూసుకుంటోంది. చదువుకున్న పిల్ల. వెబ్‌సైటు పెట్టి లేసులు దేశమంతా అమ్ముతోంది. “సైటు పేరు ఎవరి అకౌంట్లో ఉందమ్మా?” అని మొదట్లోనే అడిగాను. “డిజైనర్ చూసుకుంటాడు అంకుల్, అదంతా టెక్నికల్” అంది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. దుకాణం అద్దె పత్రం పెయింటరు పేరున రాయిస్తామా? బోర్డు రాసినవాడికి తాళంచెవులు ఇచ్చేసి ఇంటికి పోతామా? ఈ ఊళ్ళో పెద్ద పెద్ద చదువుల వాళ్ళంతా చేస్తున్నది అచ్చంగా అదే.

పని నచ్చక పల్లవి డిజైనరును మార్చింది. కొన్నాళ్ళకు సైటు తెల్ల కాగితమైపోయింది, ఆ పేరు మీదున్న ఈమెయిలూ ఆగిపోయింది. చెన్నై నుంచి బొటిక్ ఆవిడ ఫోను చేసి, “బిజినెస్ క్లోజ్ చేశారా?” అని అడిగింది. ఇద్దరం వర్తూరులో ఉన్న ఆ పాత డిజైనరు దగ్గరికి వెళ్ళాం.

“డొమైన్ నా అకౌంట్లో ఉంది సార్. సర్వర్ కూడా నాదే.”

“పేరు మా దుకాణానిది గదప్పా?”

“పేరు మీదే సార్. రిజిస్ట్రేషన్ నాది. మెయింటెనెన్స్ మళ్ళీ మాకే ఇవ్వండి, రేపే ఆన్ చేస్తాం.”

పల్లవి లేచి నిలబడింది. “వద్దు. ఉంచుకోండి” అంది. తిరుగుదారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు మాత్రం ఏడ్చింది. “అట్టపెట్టెలన్నిటి మీదా ఆ పేరే ప్రింట్ చేయించాను అంకుల్. గూగుల్‌లో వెతికితే అదే వస్తుంది.” ఆ సాయంత్రమే కొత్త పేరు తన ఈమెయిలుతో, తన ఫోనుతో, తన కార్డుతో తానే కొనుక్కుంది. సర్వరూ తన పేరునే తీసుకుంది. కొత్త డిజైనరుకు పని చేసుకునేంత వరకే దారి ఇచ్చింది, అసలు తాళం తన దగ్గరే ఉంచుకుంది. కొందరు కొనుగోలుదార్లు వెతుక్కుంటూ తిరిగొచ్చారు. తక్కినవాళ్ళు ఇప్పటికీ మేం మూసేశామనే అనుకుంటున్నారు.

అప్పట్నుంచి ఏ దుకాణానికి వెళ్ళినా నా నోరు ఊరుకోదు. మొన్న బళేపేటలో ఒక గాజుల వ్యాపారిని, సైటు ఎవరి పేరున ఉందని అడిగాను. “మావాడొకడు చూసుకుంటాడు సార్. పాస్‌వర్డ్ ఆయప్ప దగ్గరే ఉండాది” అన్నాడు, గాజులు సర్దుతూ.

“ఆయప్పకు ఫోను చేసి నీ పేరుకు మార్పించుకో. ఇప్పుడే.”

“ఏం సార్ మీరు! కస్టమర్లుండారు, కనపడ్లేదా?”

“ఉండారు గదా, అందుకే” అని స్టూలు లాక్కుని కూర్చున్నాను.