దెయ్యాన్ని ఎవరూ అడగని మాట

మా చిన్నప్పుడు... హుకుంపేట దగ్గర మా ఊళ్లో టీవీ, సీడీ ప్లేయరు ఒక్క ఇంట్లోనే ఉండేవి. పట్టపగలు కిటికీలకు దుప్పట్లు కట్టి, చీకటి చేసి మరీ దెయ్యం సినిమా వేశారు. ఆడపిల్లల హాస్టల్లో చనిపోయిన అమ్మాయి దెయ్యమై తిరిగే కథ...

నేనప్పుడు ఆశ్రమ పాఠశాలలో ఐదో తరగతి. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చాను. సినిమా చూశాక ఇక హాస్టల్‌కి వెళ్లనని మొండికేశాను. నాన్న తిట్టాడు, అమ్మ బతిమాలింది. ఊహూ... చదువు మానేసి కాఫీ తోటలో పనికి పోతానన్నాను.

నాన్నవాళ్లమ్మ, మా మామ్మ మాత్రం నన్ను తీసుకెళ్లి ఆ సినిమా మళ్లీ వేయించుకుంది. గాలి చప్పుడు వచ్చినప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చనిపోయిన అమ్మాయి తల్లి ఏడ్చేచోట కళ్లు తుడుచుకుంది. మొదటి సగం అంత బాగా తీశారు మరి. రెండో సగంలో దెయ్యానికో పాట, రంగురంగుల పొగ, మొహానికి శేరు పౌడరు... మామ్మ ఆవలించింది.

బయటికొచ్చాక అంది: "భయమైతే బాగానే ఎట్టినారే గుంటా. అంతమందీ పారిపోయినోల్లే... నీకేటి కావాలని ఆ పిల్లని ఒక్కలైనా అడగనేదు."

మా ఊళ్లో ఎవరికైనా ఏదైనా పట్టిందంటే, దాన్ని వదిలించే గురువు మొదట అడిగేది అదే. ఎవరివి, ఏం కావాలి అని. కోడో, గుప్పెడు బియ్యమో అడుగుతుంది... ఇస్తే వెళ్లిపోతుంది. హాస్టల్లో ఏదైనా కనబడితే నువ్వూ అలాగే అడుగు అంది మామ్మ. ఆ ధైర్యంతోనే వెళ్లాను.

వారం తిరక్కుండానే... తెల్లారుతుండగా, మంచులో, కుళాయిల వెనక ఏడుపు వినబడింది. పారిపోదామనే అనుకున్నాను. మామ్మ మాట గుర్తొచ్చి ఎలాగో అడిగేశాను.

"ఎవులివి? నీకేటి కావాల?"

జవాబొచ్చింది... "మాయమ్మ కావాల."

జి.మాడుగుల వైపు నుంచి కొత్తగా చేరిన మూడో తరగతి పిల్ల. అమ్మను ఎక్కడినుంచి తెచ్చిచ్చేది? పక్కన కూర్చున్నాను. నేను పది పాసై వెళ్లేదాకా ఆ పిల్ల నన్ను వదల్లేదు. ఇప్పటికీ అక్కా అంటూ ఫోన్ చేస్తుంది.

ఇప్పుడు నేను అలాంటి హాస్టల్లోనే టీచర్ని. సినిమాలు ఫోన్లలోకి వచ్చేశాయి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు... ఎవరి భయం వాళ్లదే అయిపోయింది. అందుకే ఆదివారం మధ్యాహ్నం దెయ్యం సినిమా వేయమని పిల్లలు అడిగితే కాదనను. వాళ్ల మధ్యలోనే నేనూ కూర్చుంటాను. ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకుంటారు.

మిమ్మల్ని మొదటిసారి వణికించిన సినిమా ఏది? అప్పుడు మీ పక్కన ఎవరున్నారు...?