మా మేడం నోటి మంట

పోయిన మంగళవారం పొద్దున డిపార్ట్‌మెంట్ నుంచి ఫోన్ వచ్చింది, మేడం పోయారని. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "నోటి జబ్బేనా?" అని. అది కాదు, గుండె ఆగిందన్నారు. ఆరేళ్లుగా ఆమె భయపడింది ఒకదానికి, వచ్చింది ఇంకొకటి.

ఆమె యూనివర్సిటీలో ధ్వనిశాస్త్రం చెప్పేవారు. నా పీహెచ్‌డీ గైడ్. 'ళ' పలికేటప్పుడు నాలుక ఎలా మడుచుకుంటుందో క్లాసులో తన నోరే తెరిచి చూపించేవారు. ఆరేళ్ల కిందట ఉన్నట్టుండి అది మానేశారు. క్యాంటీన్‌లో మిర్చి బజ్జీ ముట్టడం లేదు. టీ చల్లారిపోయాకే తాగుతున్నారు. ఒకరోజు 'ణ' అనబోయి, కళ్లనిండా నీళ్లతో ఆగిపోయారు.

ఆ సాయంత్రం తార్నాకలో వాళ్లింటికి వెళ్లాను. తలుపు వేసి, బుగ్గ లాగి చూపించారు. లోపల వల అల్లినట్టు తెల్లటి గీతలు, మధ్యలో ఎర్రటి పుండు.

"ఎన్ని రోజులైంది మేడం?"

"ఎనిమిది నెలలు. మా అన్నయ్యకి కూడా బుగ్గలోనే మొదలైంది. ఏడాది తిరక్కుండానే పోయాడు."

"మరి డాక్టర్‌కు చూపియ్యాలె కదా!"

"చూపిస్తే దానికో పేరు పెడతారమ్మా. పెట్టనంతవరకు అది ఒట్టి మంటే."

అయినా "నేనొస్త, పోదాం" అన్నాను.

పళ్ల ఆసుపత్రిలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా వారం రోజులు ఆమె నా థీసిస్‌లో ఒకే పేజీ ముందు పెట్టుకుని కూర్చున్నారు. హాస్టల్లో నాలుకతో నా బుగ్గలు నేనే తడుముకునేదాన్ని.

"క్యాన్సర్ కాదమ్మా" అన్నారు డాక్టరమ్మ. "లైకెన్ ప్లానస్ అంటారు. పూర్తిగా పోదు, మంట తగ్గించొచ్చు. ఎప్పుడో అరుదుగా చెడ్డగా మారుతుంది కాబట్టి ఆరు నెలలకోసారి రండి." మేడం ఆ చివరి మాట ఒక్కటే విన్నారు.

పుండు మీది తడిని గుడ్డతో అద్ది తీసి, స్టెరాయిడ్ మందు రాసుకుని అరగంట మాట్లాడకూడదు. "నోరు పెట్టుకుని బతికినదాన్ని, ఇప్పుడు మూగనోము పట్టాను" అనేవారు. ఆవకాయ జాడీ ఎదురింటికి ఇచ్చేశారు. పెరుగన్నం, కారం లేని పప్పు. రెండు నెలలకు 'ణ' మళ్లీ స్పష్టంగా పలికింది.

భయానికి మాత్రం పూత మందు లేదు. పరీక్ష రోజు పొద్దున్నే ఫోన్ చేసి "ఈసారి వద్దులే" అనేవారు. గంటకల్లా హాస్టల్ గేటు ముందు ఆటోలో ఉండేవారు. "భయం పోయాక వెళ్దామంటే ఎప్పటికీ వెళ్లం. దాన్నీ ఎక్కించుకుపోదాం, పద." ఇది చదివేవాళ్లలో ఎవరికైనా నోట్లో అలాంటి మంట ఉంటే, ఎనిమిది నెలలు ఆగకండి.

చివరిసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ చాలాసేపు చూశారు. లైటు దగ్గరికి జరిపారు. ఇంకో డాక్టర్ని పిలిచారు. మేడం గోళ్లు నా అరచేతిలో దిగబడ్డాయి.

"ఏం మారలేదు. బాగుంది."

బయటికొచ్చాక, తార్నాక చౌరస్తాలో మేడం రెండు కుల్ఫీలు కొన్నారు. బుగ్గకు చల్లగా, హాయిగా ఉందన్నారు. కుల్ఫీ కరిగి మోచేతి దాకా కారుతున్నా చూసుకోకుండా, వచ్చేపోయే బస్సులకేసి చూస్తూ, చిన్నపిల్లలా తింటూ నిలబడ్డారు.