అంజయ్య తెంపిన ఆకుపువ్వు

అంజయ్య నన్ను సేటూ అని పిలుస్తాడు. మా నాన్నకు సంగారెడ్డి గంజి బజారులో పప్పుల దుకాణం ఉండేది, అంతకు మించి నా దగ్గర సేటుతనం ఏమీ లేదు. పటాన్‌చెరు పక్కన ఒక మొక్కల పరిశోధన కేంద్రంలో లేబుళ్లు టైపు చేసి జీతం తీసుకుంటాను. ఎండబెట్టిన మొక్కను అట్ట మీద అతికించి, నా లేబుల్‌ను దాని మూలకు అంటించడం అంజయ్య పని. ఇరవై ఆరేళ్లుగా ఒకే బల్లకు చెరో వైపు కూర్చుంటున్నాం. అతనిది కొండాపూర్ మండలంలో ఒక ఊరు. రెండెకరాల పత్తి చేను ఉంది, తొమ్మిదో తరగతితో చదువు ఆగింది.

మా పెద్దసారు లక్ష్మీకాంతం గారికి ఒక పిచ్చి ఉండేది. మొక్క పేరు ఊరికే చదివితే ఒప్పుకునేవారు కాదు, ముక్కలుగా విరిచి చెప్పాలి. ఈ పేర్లలో చాలావాటికి గ్రీకే మూలం, ముక్కలు తెలిస్తే మొక్క తన ఒళ్లు తానే చెప్పుకుంటుంది అనేవారు. ఫిల్లాన్ అంటే ఆకు. ఆంథోస్ అంటే పువ్వు. రైజా వేరు, కార్పోస్ కాయ. లూకోస్ తెలుపు, మెలాస్ నలుపు. నాకు డిగ్రీ ఉంది గానీ ఒక్క ముక్కా తలకెక్కలేదు. అంజయ్య మాత్రం జిగురు బ్రష్ చేతిలో ఉండగానే అన్నీ నోటికి పట్టేశాడు. ఏడాది తిరిగేసరికి మా బస్సు కండక్టరుకు మాక్రోసెఫలా అని పేరు పెట్టాడు, అంటే పెద్ద తలకాయది. నేను మైక్రోకార్పా, చిన్న కాయ. బతుకమ్మ పేరుస్తున్న వదినెల పక్కన చేరి, చామంతి అసలు పేరు క్రిసాంథిమమనీ, దానర్థం బంగారు పువ్వనీ పాఠం చెప్పి తిట్లు తిన్నాడు. ఊళ్లో అందరూ గ్రీకు అంజయ్య అంటారు. వెక్కిరింతకే అంటారు గానీ అతను లోపల మురిసిపోతాడు. ఆ సంగతి నాకు తెలుసు.

పోయిన మే నెలలో ఒక మంగళవారం పొద్దున పదింటికి అతనికి ఫోను వచ్చింది. వింటూనే బ్రష్ కింద పెట్టాడు. మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు. చిన్నాయన కొడుకు కొడుకు మహేష్‌ను సంగారెడ్డిలో ఆసుపత్రిలో వేశారట. ఇరవై తొమ్మిదేళ్ల పిల్లవాడు, ఫ్యాక్టరీలో షిఫ్టు పని. కామెర్లు వచ్చి, అంజయ్య తల్లి మల్లమ్మ దగ్గర రెండు ఆదివారాలు పసరు తాగాడు. రెండోసారి తాగిన మర్నాటి నుంచి వాంతులు, మనిషి సోయిలో లేడు, మూత్రం బందయింది. ఏ ఆకు తాపారో చెప్పమని డాక్టరు అడుగుతోంది. మల్లమ్మ చెప్పడం లేదు.

మల్లమ్మ ఎందుకు చెప్పదో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. వాళ్లింట్లో పసరు మందు ఆమె అత్త నాటి నుంచి ఉంది. ఆదివారం పొద్దున, పరగడుపున, పైసా తీసుకోకుండా ఇస్తారు. ఆకు పేరు మాత్రం బయటపెట్టరు. పేరు పలికితే మందు ఆ చేతిలో నిలవదని నమ్మకం. నలభై ఏళ్లలో ఆమె ఆ పేరు పలకలేదు. కన్నకొడుక్కు కూడా మొక్కను చూపించిందే గానీ పేరు చెప్పలేదు.

నా స్కూటరు మీద బయల్దేరాం. ఇస్నాపూర్ దాటాక అంజయ్య వెనక నుంచి నెమ్మదిగా చెప్పాడు. మూడేళ్లుగా తల్లికి మోకాళ్లు వంగడం లేదు, ఆకు తెంపుకొచ్చేది తనేనట. అంటే మహేష్ కడుపులోకి పోయింది అతని చేత్తో తెంపిన ఆకు. అక్కణ్ణుంచి, చూడ్డానికి అలాగే ఉండి, తుంచితే పాలు కారే మొక్కలు వేరే ఉన్నాయని, వాటిలో ఒకటి పొరపాటున కలిసిందేమోనని చెప్పుకుంటూ పోయాడు. ఇంతలోనే, లేదు, మొక్క అదే, నూటికి నూరుపాళ్లూ అదే అంటాడు. ఆ మాట కనీసం పదిసార్లు అన్నాడు. అతను దాస్తున్నది వేరే ఉందని నాకప్పుడు తట్టలేదు.

ఆసుపత్రి వరండాలో మహేష్ భార్య రుచిత గోడకు ఆనుకుని కూర్చుంది. మల్లమ్మ బెంచీ మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. దీప్తి అనే చిన్న వయసు డాక్టరమ్మ మా దగ్గరికి వచ్చి విషయం సూటిగా చెప్పింది. మహేష్ మూత్రపిండాలు పని చేయడం లేదు. కామెర్ల వల్ల ఇలా అయిందా, ఆకు వల్ల అయిందా తేలాలి. ఆకేదో తెలిస్తే ఒక దారిన వెళ్తాం, తెలియకపోతే చీకట్లో తడుముకోవడమే అంది. రుచిత లేచి వచ్చి మల్లమ్మ కాళ్లు పట్టుకుంది. ముసలామె ఏడ్చింది గానీ నోరు విప్పలేదు. పైగా కొడుకు మణికట్టు గట్టిగా పట్టుకుంది.

అంజయ్య తల్లి వైపు చూశాడు. తర్వాత డాక్టరు వైపు తిరిగి, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లవాడిలా నిటారుగా నిలబడ్డాడు.

"ఫిల్లాంథస్, మేడం" అన్నాడు.

మల్లమ్మ పట్టు సడలలేదు, గట్టిపడనూ లేదు. ఆమె మందుకు ఆ పేరుందని ఆమెకే తెలియదు. అంజయ్య ఎత్తుగడ నాకప్పుడు అర్థమైంది. అమ్మ మాటా దక్కాలి, పిల్లవాడూ దక్కాలి. డాక్టరు ఫోనులో వెతికి, ఈ పేరుతో వందలకొద్దీ రకాలున్నాయి, మీరు చెప్పేది ఏది అని అడిగింది. అతను విరిచి చెప్పాడు. ఫిల్లాన్ ఆకు, ఆంథోస్ పువ్వు. కొమ్మే ఆకులాగా కనపడుతుంది, దాని కింద వరసగా పువ్వులు, అవే కాయలవుతాయి. మూరెడు ఎత్తు. తుంచితే పాలు రావు, తెంపిన ప్రతిసారీ తుంచి చూశాను అన్నాడు. ఆమె ఫోనులో బొమ్మలు ఒక్కొక్కటే చూపిస్తుంటే, ఇది కాదు, కాయ తొడిమె పొడుగుంది, ఇదీ కాదు అంటూ ఐదోదాని దగ్గర ఆగాడు. చూపుడు వేలు అద్దం మీద పెట్టి అలాగే ఉంచాడు.

డాక్టరు చాలాసేపు చదివింది. ఈ మొక్క వల్ల మూత్రపిండాలు ఇంత తొందరగా పోవడం తను ఎక్కడా వినలేదంది. అంజయ్య ఊపిరి బయటకు వదిలాడు. రుచిత అతని మొహంలోకి ఆశగా చూసింది. ఇరవై ఆరేళ్లలో అతని గ్రీకుకు నేను మనసారా దణ్ణం పెట్టుకున్నది ఆ ఒక్క నిమిషమే.

"సరే, మొక్క అదే అనుకుందాం. ఎక్కడ తెంపారు?" అంది డాక్టరు.

అంజయ్య ఫోను మీది వేలు వెనక్కి తీసుకున్నాడు. ఆమె మళ్లీ అడిగింది. అప్పుడు తల్లే అందుకుంది, ఇందులో దాచేదేముందన్నట్టు. "మా గట్టు మీదనే బిడ్డా. మా అత్త తెంపిన గట్టే" అంది.

అంజయ్య మొహం పాలిపోయింది. ఎత్తుగడ వేయడానికి ఈసారి వేరే భాష లేదు. ఏం చెప్పినా తల్లికి అర్థమవుతుంది, రుచితకు అర్థమవుతుంది.

"గట్టు మీద ఇప్పుడు లేదమ్మా. గడ్డిమందు కొట్టవట్టినంక మొలుస్తలేదు" అన్నాడు. "ఫ్యాక్టరీల ఎనక కాల్వ ఉంటది మేడం, కల్వర్టు కింద. ఆడ తెంపిన. రెండు వారాలు ఆన్నే తెంపిన."

మల్లమ్మ అతని మణికట్టు వదిలేసింది. "గట్టు మీదిదే అన్నవ్ గద బిడ్డా" అంది, అంతే. డాక్టరు అప్పటికే నర్సును కేకేసి, రక్తానికి ఇంకా ఏమేం పరీక్షలు కావాలో గబగబా రాస్తోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కల్వర్టు మీదుగా రోజూ ముక్కు మూసుకుని పోతాం ఇద్దరమూ. ఆ నీళ్లు ఒక్కోరోజు ఒక్కో రంగులో ఉంటాయి. అంజయ్యను మెట్ల దగ్గరికి లాక్కుపోయి నోటికొచ్చినట్టు తిట్టాను. నేను టైపు చేసే ప్రతి లేబుల్ మీద పేరు కింద మొదటి గీత చోటుదే. ఎక్కడ దొరికిందో రాయకుండా తెస్తే సారు ఎంత మంచి మొక్కనైనా బుట్టలో పడేసేవారు. వేల లేబుళ్లు అంటించిన చెయ్యి, ఆకు తెంపేటప్పుడు ఆ ఒక్క గీత ఎలా మరిచింది అని అడిగాను. అతను మెట్టు మీద కూలబడ్డాడు.

"పచ్చగ ఉండె సేటూ" అన్నాడు. "ఊర్ల అంత ఎండిపోయింది. ఆడ ఒక్కదగ్గర్నే పచ్చగ ఉండె. పేరు సూసుకున్న, కాయ సూసుకున్న, తుంచి సూసుకున్న. అన్ని సరిపోయినయి."

ఇంకేం తిట్టను. పక్కన కూర్చున్నాను.

మహేష్‌కు నాలుగుసార్లు డయాలసిస్ చేశారు. అతను లోపల ఉన్న పదకొండు రోజులూ అంజయ్య డ్యూటీ దిగగానే ఆసుపత్రికి పోయి వరండాలో నిలబడేవాడు. లోపలికి పోయే ధైర్యం లేదు. మూత్రం వచ్చిందా అని నర్సునూ, ఆయానూ, చివరికి వాచ్‌మన్‌నూ అడిగేవాడు. ఆరో రోజు కొంచెం వచ్చిందని చెబితే నాకు ఫోను చేసి మాట్లాడలేక పెట్టేశాడు. మహేష్ బతికి ఇంటికొచ్చాడు, నడుస్తున్నాడు, డ్యూటీకి పోవడానికి ఇంకా టైము పడుతుంది. కాలువ నీళ్ల వల్లనే అయిందని డాక్టరు గట్టిగా చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. అంజయ్య ఆమెను నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ ఆమె అదే జవాబు చెప్పింది.

మహేష్ ఇంటికొచ్చిన తర్వాతి ఆదివారం పొద్దున్నే వాళ్ల ఊరికి పోయాను, అంజయ్య ఎలా ఉన్నాడోనని. వాకిట్లో ఆటో ఆగి ఉంది. పోతిరెడ్డిపల్లి నుంచి బాలరాజ్ అనే అతను కూతురు నిషితను పసరు కోసం తీసుకొచ్చాడు. ఎనిమిదేళ్ల పిల్ల, కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. మల్లమ్మ లోపలి నుంచి రాలేదు. అంజయ్యే బయటికొచ్చి, మందు ఇవ్వడం బంద్ చేశామని, పిల్లను ఆసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పాడు. మహేష్ సంగతీ, కాలువ సంగతీ ఏదీ దాచకుండా చెప్పాడు. బాలరాజ్ అంతా ఓపిగ్గా విన్నాడు.

"ఆస్పత్రిల గూడ సూపిస్తున్న అన్నా. ఇది గూడ తాపుదామని" అన్నాడు. "ఆకు నేనే తెంపుకొస్త. మంచి జాగ ఏదో జెర చెప్పు, ఎంత దూరమైనా పోత."

అంజయ్య చేను వైపు చూశాడు. గట్టు మీద గడ్డిమందుకు మాడిన గడ్డి. అవతల ప్లాట్ల వెంచరు వాళ్లు పాతిన రాళ్లు, ఆపైన రోడ్డు, రోడ్డు పక్కన చెరువులోకి దిగుతున్న కాలువ. అన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. బాలరాజ్ ఫోను తీసి, రాసుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు. పుట్టి పెరిగిన మండలంలో, నిషితకు తాపవచ్చని ఒట్టేసి చెప్పగలిగిన చోటు ఒక్కటీ అంజయ్య నోటికి రాలేదు.