బోరుబావి కోసం గుంజీలు

మేడ మెట్లెక్కితేనే మోకాళ్లు పట్టుకునే నేను, ఆ రోజుల్లో తాడు పట్టుకుని పైకి ఎగబాకి ఉద్యోగం సంపాదిద్దామనుకున్నానంటే మా పిల్లలు పడీపడీ నవ్వుతారు. డిగ్రీ అయ్యాక బాగేపల్లిలో మా నాన్న కిరాణా కొట్లో కూర్చుంటూ, ఫైరింజన్ ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నాను. రాతపరీక్ష గట్టెక్కాను. ఇక చిక్కబళ్లాపురంలో తాడెక్కే పరీక్ష మిగిలింది. "ఈ తూరి పోతే కొట్లో కూర్చోవాల్సిందే" అని నాన్న తేల్చేశాడు. జీవితాంతం చింతపండు తూచడం కంటే మంటల్లో దూకడమే మేలనిపించేది నాకు.

దానికి సాధన మొదలుపెట్టిన మొదటిరోజే ఆవేశంగా దండీలు తీసి, పైఅరలోని బెల్లం కూడా అందుకోలేని స్థితికి వచ్చాను. సబ్బు కొనడానికొచ్చిన మా హైస్కూలు డ్రిల్లు మేష్ట్రు నా అవస్థ చూసి, "అంతా ఒకే తూరి చేస్తే ఒళ్లు తిరగబడతాదప్పా. దినమంతా కొంచెం కొంచెం చెయ్యి. ఇంకా చేస్తాననిపించినప్పుడే నిలిపెయ్" అన్నాడు. అప్పట్నుంచి ఒక గిరాకీ పోయి ఇంకో గిరాకీ వచ్చేలోపు గల్లాపెట్టె వెనక కాసిని దండీలు, కాసిని బస్కీలు, వెనకగది దూలం పట్టుకుని వేలాడటం. (బస్కీలకు కూర్చోగానే చేతులు వాటంతటవే చెవుల మీదికి పోయేవి. బళ్లో వాటిని ఇంకోలా తీయించిన పాపాన ఎవరూ పోలేదు.) విచిత్రంగా అలుపు లేకుండానే బలం వచ్చింది. గడ్డం దూలాన్ని దాటింది.

అయితే గల్లాపెట్టె వెనక గోడకు వినాయకుడి పటం ఉంది. పప్పు కొనడానికొచ్చిన ఒకావిడ తొంగిచూసి, "ఏం తప్పు చేసినావప్పా, సామి ముందర గుంజీలు తీస్తాండావు?" అంది. నేను నోరు తెరిచేలోపే మా అవ్వ, "తప్పేం లేదమ్మా, వాడికి మొక్కుబడి ఉండాది" అని గర్వంగా చెప్పేసింది. అంతే! మా పాప పెళ్లి కుదరాలని ఒకరు, ఆవు బాగా ఈనాలని ఒకరు, తమ పేరున కూడా తీయమనేవాళ్లు. కాదంటే అవ్వ ఊరుకోదు. గిరాకీ పెరిగిందని నాన్నా ఊరుకున్నాడు.

పరీక్ష ముందురోజు సాయంత్రం ఒక ముసలి రైతు వచ్చాడు. "రేపు బోరు వేయిస్తాండాను. ముందు వేసినవన్నీ ఎండిపోయినాయప్పా. నా కోసం ఎక్కువే తీయప్పా" అన్నాడు. ఆ ముఖం చూసి మేష్ట్రు మాట మరిచాను. కాళ్లూ చేతులూ వణికేదాకా దండీలు, గుంజీలు తీశాను.

మర్నాడు తాడు సగం ఎక్కేసరికి చేతులు మొరాయించాయి. అరచేతులు మండిపోతుండగా కిందికి జారాను. తిరుగు బస్సులో పేరేసంద్ర దాటేదాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. కొట్టు ముందు ఆ రైతు నా కోసమే నిలబడి ఉన్నాడు. ఒళ్లంతా బురద. "పడినాయప్పా, నీళ్లు పడినాయి!" అని మండుతున్న నా చేతుల్ని కళ్లకద్దుకున్నాడు. కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

ఇప్పుడు కొట్టు నాదే. ఖాళీ దొరికితే గల్లాపెట్టె వెనక నాలుగు గుంజీలు తీస్తాను, ఆయాసం రాకముందే నిలిపేస్తాను. ఎవరైనా గడప దగ్గర ఆగి, "మా బిడ్డకు రేపు పరీక్షన్నా" అంటే మాత్రం, మోకాళ్లను బతిమాలుకుని ఇంకో రెండు తీస్తాను.