తుమ్మబంకతో అంటించిన ఆల్బం

మనవరాలు సమ్మర్ క్యాంపు ఫొటోలు ఆల్బంలో అంటిస్తుంటే, ఆ జిగురు వాసనకి నా పాత కోపం మళ్ళీ లేచింది. మన ఈడు వాళ్ళకి గుర్తుందా, తుమ్మబంక నానేసి కాగితాలు అంటించుకోవడం?

స్వాతంత్ర్యం రాకముందు మాట. మాచర్లలో చర్చి వాళ్ళు పెట్టిన వేసవి క్యాంపుకి మా ఊరి ఆడపిల్లలం వెళ్ళొచ్చాం. ఇంటికొచ్చాక ఆల్బం చేశా. నెమలీక, రైలు టిక్కెట్టు, సబ్బు కాగితం అంటించా. ఫొటోలు ఏడున్నాయి అప్పుడు? అందుకే స్నేహితురాళ్ళ చేత లాంతరు మసితో వేలిముద్రలు వేయించుకున్నా. మరియమ్మ వేలి మీది కొడవలి గాటు కూడా చక్కగా పడింది.

మా నాన్న ఊరి బడి పంతులు. ఆ పేజీ చూసి చించేశాడు.

"ఏందే ఇది? ఈ ఊళ్ళో వేలిముద్రలు మాన్పించడానికి చానా ఏళ్ళు పట్టింది నాకు."

"గుర్తుకోసం నాన్నా."

"గుర్తుకైతే పేర్లు రాయించుకో."

అందరినీ పిలిచి, దగ్గరుండి రాయించాడు.

ఆ ఆల్బం ఇంకా నా దగ్గరే ఉంది. వాళ్ళందరికీ రాత నేర్పింది ఆయనే కదా, అన్నీ ఒకటే గుండ్రటి అక్షరాలు. తెరిచినప్పుడల్లా మరియమ్మ కోసం వెతుకుతా. మా నాన్నే కనపడతాడు.