పొదిలిలో గంటలు కొట్టే బంగారు వాచీ

ఉదయం ఆరుంబావుకి గుంటూరులో చిలకలూరిపేట బస్సెక్కాను. నాది వాచీల రిపేరు షాపు. ఒక్క వాచీ కోసం ఊరు దాటి వెళ్ళడం అదే మొదలు. పొదిలి నుంచి లక్ష్మి అనే ఆవిడ ఫోను చేసి, తన మామగారు పేరయ్య గారి బంగారు వాచీ మోగడం మానేసిందని చెప్పింది. పక్కనున్న మీట లాగితే లోపలి సుత్తులు సన్నని తీగల మీద కొట్టి గంటలు, పావుగంటలు, నిమిషాలు వేరువేరు స్వరాల్లో చెప్పే యంత్రం అది. అలాంటిదాన్ని నేను బొమ్మల్లోనే చూశాను. పేరయ్య గారికి చూపు పోయి ఆరేళ్ళు. వాచీని గడప దాటనివ్వరట.

పేటలో ఇడ్లీ తిని, ఏడున్నరకి అద్దంకి మీదుగా వెళ్ళే పొదిలి బస్సు పట్టుకున్నాను. దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నేను తుమ్ముతూనే ఉన్నాను. "రుమాలు కట్టుకో నాయనా, మాకైతే అలవాటే," అంది పక్క సీటు పెద్దావిడ. దర్శి దాటాక ఎరుపు తగ్గి మెట్టచేలు వచ్చాయి. పదిన్నర దాటాక పొదిలిలో దిగి ఆటో ఎక్కాను.

లక్ష్మి గేటు దగ్గరే నన్ను ఆపింది.

"వాచీ మోగుతూనే ఉందండీ. ఆయనకే వినపడ్డం లేదు. చూపు పోయిన మనిషికి చెవులు కూడా పోతున్నాయని ఎట్టా చెప్పేది? రిపేరు కాదని మీరే చెప్పేయండి."

పేరయ్య గారు వరండాలో కూర్చుని ఉన్నారు. పొగాకు వ్యాపారం చేసే రోజుల్లో విదేశంలో కొన్న వాచీ అట. మణికట్టు నుంచి విప్పి నా అరచేతిలో పెట్టారు.

"ముందు నిమిషాలు పోయినయ్. తర్వాత పావుగంటలు. ఇప్పుడు మొత్తం మూగబోయింది," అన్నారు గట్టిగా.

మీట లాగాను. తేటగా మోగింది. అన్నిటికన్నా సన్నని స్వరం నిమిషాలది. ఆయన చెవికి ముందు దూరమైంది అదే. లక్ష్మి చెప్పమన్న మాట నోటిదాకా వచ్చింది. ఆయన చెయ్యి మాత్రం వాచీ కోసం ఇంకా చాచే ఉంది. అనలేకపోయాను.

శబ్దం ఎముక గుండా కూడా లోపలికి చేరుతుంది కదా అని, వాచీని ఆయన చెవి వెనక ఎముకకి ఆనించి, మళ్ళీ మీట లాగాను.

ఆయన పెదవులు లెక్కపెట్టాయి. "పదకొండు," అన్నారు. ఆగి, "ఒక పావు. రెండు నిమిషాలు. పదకొండూ పదిహేడు."

లక్ష్మి గోడ గడియారం వంక చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయితే దీనికేం కాలేదు."

"కాలేదండీ."

"నా చెవులన్నమాట." లక్ష్మి ఉన్న వైపు తల తిప్పారు. "అమ్మాయ్, నీకు తెలుసా?"

"దసరా నుంచి తెలుసు మామయ్యా."

"చెప్పొద్దూ మరి!" అని గద్దించారు. తర్వాత గొంతు తగ్గింది. "సరే, ఆయనకి అన్నం పెట్టు. పదకొండున్నర కావస్తోంది."

గోంగూర పచ్చడి, పప్పుతో భోజనం చేసి ఒంటిగంట బస్సెక్కాను. అద్దంకిలో టీ తాగుతుంటే లక్ష్మి ఫోను చేసింది.

"రేపు ఒంగోలులో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నారండీ. ఆయనంతట ఆయనే."

బస్సు కదిలాక గుర్తొచ్చింది, మూత తీసి ఆ సుత్తుల్ని చూడనే లేదు. ముప్పై ఏళ్ళ వృత్తిలో ఎన్నడూ రాని అవకాశం, మళ్ళీ రాదు. కానీ చూసేదెలా? నేను బయల్దేరేదాకా ఆయన ఆ వాచీని చెవి దగ్గర్నుంచి దించితేగా!