కాగితం చూసి పలికిన గొంతు

ఆ ఫోనులో చదువు చెప్పే గొంతు నాది కావలసింది. ఈ మాట ఎవరి ముందు అన్నా నవ్వి ఊరుకుంటారు కాబట్టి రాసి పెడుతున్నాను. రాయడం నాకు యాభై దాటాక వచ్చింది. కష్టపడి తెచ్చుకున్నదాన్ని కడుపుమంటకు వాడుకుంటే తప్పేముంది?

పంజాగుట్ట వెనక సందులో నాది జాకెట్లు కుట్టే దుకాణం. దుకాణమంటే ఒక మిషను, ఒక బల్ల, గోడకు అద్దం. నా దగ్గర కుట్టించుకునే ఒక అమ్మాయి అమీర్‌పేటలో ఏదో ఆఫీసులో పని చేస్తుంది. గోదావరి వైపు పిల్ల, మాటమాటకూ అండీ అంటుంది. ఒకరోజు కొలతలు ఇస్తూ తన పని సంగతి చెప్పింది. చదువు రాని పెద్దవాళ్లకు తెలుగు చదవడం నేర్పే యాప్ తయారు చేస్తున్నారట.

"మేమే కూర్చుని చేసేస్తే వాళ్లకి పనికిరాదండి. వాడేవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని చేస్తున్నాం. మీరూ రండి ఆంటీ. పెద్దయ్యాక నేర్చుకున్నారు కదా, అదెలా ఉంటుందో మాకు తెలీదు."

నాకు చదువు వచ్చిందంటే "ఈ వయసులో ఎందుకమ్మా" అన్నవాళ్లే గాని, ఎలా వచ్చిందని అడిగినవాళ్లు అంతవరకు లేరు. వస్తానన్నాను.

"అసలు చదువు రానివాళ్లు ఎవరైనా ఉంటే తీసుకురండి" అంది. అక్కడే చేజేతులా చెడగొట్టుకున్నాను. మధ్యాహ్నం పూట నా దుకాణం మెట్టు మీద కూర్చుని పూలు కట్టుకునే ఆమెను వెంటబెట్టుకుపోయాను.

ఆమెది బోరబండ. పొద్దున బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర పూలు, నిమ్మకాయల దండలు అమ్ముతుంది. ఎండ ముదిరాక నా మెట్టు మీదికి చేరుతుంది. నాకంటే చిన్నది. అక్షరం ముక్క రాదు. నేర్పుతానని నేను ఎన్నోసార్లు అన్నాను. "నీతోటి నేర్చుకుంటె నా తోలు ఉంటదా అక్కా" అని తప్పించుకునేది.

కోచింగు సెంటర్ల బోర్డుల వెనక దాక్కున్న మేడలో ఉంది ఆ ఆఫీసు. లిఫ్టు నిండా వీపుకు బ్యాగులు తగిలించుకున్న పిల్లలు, మధ్యలో మేమిద్దరం. పైన ఆమె చేతిలో ఫోను పెట్టి చుట్టూ కూర్చున్నారు. ఏమీ చెప్పరు. ఆమె వేలు ఎటు పోతుందా అని చూస్తారు. అదీ వాళ్ల పద్ధతి. ఆ వేలు తెర మీద దారి తప్పిన చీమలా తిరుగుతుంటే నేను ఆగలేకపోయాను.

"గది కాదే, పక్కది ఒత్తు!"

"ఆంటీ, చెప్పకండి ప్లీజ్" అంది అమ్మాయి. "ఆవిడ ఎక్కడ ఆగిపోతారో చూడాలి మనం."

"ఆగిపోతె చెప్పాల్నా, చూస్తా కూసోవాల్నా?"

"చూడాలండి."

మళ్లీ నోరు జారాను. నన్ను బయట సోఫాలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. గాజు తలుపులోంచి చూస్తూనే ఉన్నాను. ఆమె తప్పు నొక్కినప్పుడల్లా అందరూ ముందుకు వంగుతున్నారు, రాసుకుంటున్నారు, పసిబిడ్డ బోర్లాపడితే చూసినట్టు చూస్తున్నారు. నేను నేర్చుకున్నచోట తప్పు రాస్తే పలక లాక్కుని తుడిచేవాళ్లు, అంతే. తప్పుకు ఇంత మర్యాద ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. చాయ్ తాగబుద్ధి కాలేదు.

తిరిగి వస్తూ దారిలో అడిగాను. "ఏమడిగిన్రు?"

"నాకేం సదవాలనుందో అడిగిన్రక్కా. ఫోన్ ఎవరు చేస్తున్నరో గా పేరు సదవాలన్న. గదే మొదటి పాఠం పెడ్తరంట."

"అ, ఆ లేకుంటనే?"

"అవి ఎన్కకంట."

ఒక్క అక్షరం కూడా దాటేయకుండా, వరుసలో నిలబడి వచ్చినదాన్ని నేను. ఆమెకు అడ్డదారి వేసి ఇస్తున్నారు. ఆ సాయంత్రం ఒక జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టి, మొత్తం విప్పుకోవలసి వచ్చింది.

తర్వాత గొంతు సంగతి వచ్చింది. యాప్‌లో పాఠం చెప్పడానికి, తప్పు నొక్కితే సరిదిద్దడానికి ఒక గొంతు కావాలట. రేడియోలో వినబడేలాంటిది వద్దు, మీలాంటివాళ్లదే కావాలన్నారు. ఇది నాదే అనుకున్నాను. కాగితం చదవడం వచ్చినది మా ఇద్దరిలో నేనొక్కదాన్నే కదా. వాళ్లిచ్చిన కాగితాన్ని దుకాణంలో అద్దం ముందు నిలబడి చదువుకున్నాను, ఒక్క ఒత్తు జారకుండా. రికార్డు చేసే రోజు కొత్త చీర కట్టాను. మైకుకు చీర కనబడదని తెలుసు. అయినా కట్టాను.

"సరియైన సమాధానం. తదుపరి పదమును చూడండి. తప్పు. మరల ప్రయత్నించండి."

ఎక్కడా తడబడలేదు. బయటికి రాగానే అమ్మాయి చప్పట్లు కొట్టింది.

తర్వాత పూలామె వంతు. ఆమెకు కాగితం ఇచ్చి లాభం లేదు. అమ్మాయే పక్కన కూర్చుని, "ఒకావిడ తప్పు నొక్కారనుకోండి, మీరేమంటారు?" అని అడిగింది. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని మైకు వైపు వంగింది.

"అట్ల కాదక్కా. ఏం కాలే తియ్యి. జర మళ్ల సూడు."

రికార్డు చేస్తున్న అతను తల తిప్పి ఆమెను చూశాడు. నేను చదివినప్పుడు అతను తెర మీదినుంచి కళ్లు తీయలేదు.

రెండు గొంతులనూ ఆమె ఉండే గల్లీలో ఆడవాళ్లకు వినిపించి, ఏది ఉంచాలో వాళ్లనే తేల్చమన్నారు. రేపు వాడేది వాళ్లే కదా. ఏది ఎవరిదో చెప్పకూడదని ముందే అనుకున్నాం. మొదట నాది పెట్టారు. "తప్పు" అని వినబడగానే ఒకామె ఫోను చాప మీద పడేసింది.

"అమ్మో, ఎవరే గామె? కరెంటాఫీసు మేడమ్ లెక్కున్నది!"

"మా అత్త సచ్చిపోయిందనుకున్న" అంది ఇంకొకామె. "ఫోన్ల జొచ్చి కూసున్నట్టుంది."

గల్లీ అంతా నవ్వింది. నేనూ పళ్లు కనబడేటట్టు నవ్వాను.

"ఏం నవ్వుతరే?" అని మా పూలామె లేచింది. "గది మా అక్క గొంతు. సదువొచ్చిన గొంతు. మీ లెక్కుంటదా?"

నవ్వు ఆగిపోయింది. అందరూ నా వైపు తిరిగారు. వాళ్లు నవ్వినప్పుడు అంత మండలేదు. ఆమె వెనకేసుకొచ్చినప్పుడు మండింది. తర్వాత ఆమెది పెట్టారు. "జర మళ్ల సూడు" అనేసరికి ఫోను పడేసినామె మళ్లీ చేతిలోకి తీసుకుని, "సూస్తున్న తియ్యవ్వా, తొందరేంది" అని దానికి జవాబిచ్చింది. ఇక తేల్చేదేముంది?

కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. కూర్చునే చోటు లేకుండా మెట్టు మీద పేలికల మూట పెట్టాను. ఆమె మూట జరిపి కూర్చుంది. "అక్కా, నీళ్లు" అంటే నోరు విప్పకుండా బాటిలు చూపించాను. నాకంటే మంచి గొంతు ఉండి గెలిచి ఉంటే ఓర్చుకునేదాన్నేమో. చదువు రాకపోవడం వల్ల గెలిచింది. కాగితం లేదు కాబట్టి మనిషిలా మాట్లాడింది.

అమ్మాయి మంచిది. కాగితం లేకుండా ఇంకోసారి మాట్లాడి చూడమని నన్ను పిలిచింది. "మీరు ఆవిడతో ఎలా మాట్లాడతారో అలాగేనండి." మైకు ముందు కూర్చున్నాను. మెడపట్టీకి కాన్వాసు వేసి కుట్టినట్టు నాలుక బిగుసుకుపోయింది. నోరు తెరిస్తే "మరల" అనే వచ్చింది. లేచి వచ్చేశాను.

పాఠాలు పెరిగేకొద్దీ పూలామెకు కష్టమైంది. ఒకరోజు దండ కడుతూ, తలెత్తకుండానే అంది.

"అక్కా, నువ్వు రావాలె."

"నేనెందుకు? కరెంటాఫీసు మేడమ్‌ని."

"గా పిల్ల చెప్పేది నాకు సమజైతలేదు. అండి అండి అనుకుంట అసలు మాట మింగుతది. కాగితం నువ్వు సదివి నాకు చెప్పు. నేను మైకుల అంట."

"నా గొంతు సుత పడ్తది గద మైకుల?"

"పడితె కోసేస్తరంట. అడిగిన."

అడిగి మరీ వచ్చింది! "మస్తు తెలివే నీకు" అన్నాను.

"ఇన్నేండ్లు నీ మెట్టు మీద కూసుంటి. గా మాత్రం రాదా?"

రానన్నాను. కోసే పని నాది. నన్ను ఇంకొకరు కోయడమేమిటి? మిషను తొక్కుతూ ఆలోచిస్తే వేరే సంగతి తట్టింది. నేను పోకపోతే చదువు వచ్చిన ఇంకెవరో ఆమె పక్కన కూర్చుంటారు. ఉన్న ఆ ఒక్క కుర్చీ కూడా పోతుంది. మర్నాడు ఆమెకంటే ముందే అమీర్‌పేటలో ఉన్నాను.

ఇప్పుడు ఇద్దరికీ ఒకటే మైకు. నేను చదువుతాను, ఆమె అంటుంది. తెర మీద నా మాట ఒక గీతగా, ఆమె మాట ఒక గీతగా పడుతుంది. రికార్డు చేసే అతను నాది కోసేసి ఆమెది ముందుకు జరుపుతాడు. అతుకు ఎక్కడుందో తెలియదు. పని మంచిది, ఒప్పుకోవాలి.

గుడి దగ్గర పూలు కొనేవాళ్లు కొందరు ఆమె గొంతు గుర్తుపట్టి, ఫోనులో అక్కవు నువ్వే కదా అంటున్నారట. రాగానే నాకు చెబుతుంది. "మూర సరిగ్గ కొలువు, ఇప్పుడు నలుగురికి తెలిసిన మనిషివి" అంటాను. పడీపడీ నవ్వుతుంది.

ఒక్కటే భయం పట్టుకుంది ఈ మధ్య. ఆ పాఠాలు చెబుతూ చెబుతూ ఆమెకు అక్షరాలు అంటుకుంటున్నాయి. నేను చదువుతుంటే నా భుజం మీదుగా కాగితంలోకి తొంగి చూస్తుంది. అన్నీ వచ్చేస్తే నాతో ఏం పని? లేదా చదవడం వచ్చాక ఆమె గొంతు కూడా నా గొంతులా అయిపోతుందా? అట్లా కావాలని కోరుకుంటున్నానో, వద్దనుకుంటున్నానో ఇంకా తేల్చుకోలేదు.

మొన్న పాఠం మధ్యలో ఆమె వేలు నా కాగితం మీదికి వచ్చింది.

"గిది 'మ' గదక్కా?"

అది 'మ'నే. కాగితాన్ని నా వైపుకు జరుపుకున్నాను.

"ముందు నేను చెప్పింది అను" అన్నాను.